జెజూన్: పస్తుకూ పసితనానికీ మధ్య ఒక విశేషణం

జెజూన్ ఇంగ్లిష్‌లో ఒక విశేషణం. ఒక వ్యాసంలోనో, ఉపన్యాసంలోనో, వాదనలోనో పస లేదని, బుర్రకు అందే సరుకేమీ అందులో లేదని చెప్పడానికి దీన్ని వాడతారు. లాటిన్‌లో ‘పరగడుపున ఉన్న’ అని అర్థమిచ్చే ఇయెయూనుస్ అనే మాట నుంచి ఇది 17వ శతాబ్దం తొలి భాగంలో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. 19వ శతాబ్దం చివరి నుంచి దీనికి మరో అర్థం తోడైంది: పరిణతి లేని, కుర్రతనపు. ఈ రెండో అర్థం పొరపాటున పుట్టిందని కొందరు, ఎలా పుట్టినా ఇప్పుడు నిలదొక్కుకుందని మరికొందరు చాలాకాలంగా వాదించుకుంటున్నారు.

పలికేటప్పుడు మొదటి అక్షరం తేలిపోయి బలమంతా రెండో అక్షరం మీద పడుతుంది. అందుకే చెవికి జిజూన్ అని వినిపిస్తుంది. ఈ వ్యాసంలో స్పెల్లింగుకు దగ్గరగా జెజూన్ అనే రాస్తున్నాం. దీని నామవాచకం జెజూన్‌నెస్, క్రియావిశేషణం జెజూన్లీ. ఈ రెండూ అరుదే. ఆ మాటకొస్తే అసలు విశేషణం కూడా నోటి మాటగా వినపడేది తక్కువ. పుస్తక సమీక్షలు, సంపాదకీయాలు, పండితుల కీచులాటలు దీని ఇల్లూవాకిలీ. హైదరాబాద్‌లోనూ, విజయవాడలోనూ జీఆర్ఈకి చదివిన తెలుగు విద్యార్థుల్లో చాలామందికి ఇది బారన్స్ పదజాబితాలో ఎదురైన మాట. వ్యతిరేకపదాలు అడిగే ప్రశ్నలు 2011 ఆగస్టులో ఆ పరీక్ష నుంచి తప్పుకొనేదాకా, ఇలాంటి మాటలను వాక్యంతో పని లేకుండా బట్టీ పట్టడమే పద్ధతిగా ఉండేది. అలా నేర్చినవారికి అర్థం తెలుస్తుంది కానీ, ఎక్కడ వాడాలో తెలియదు. జెజూన్ విషయంలో కష్టమంతా ఆ రెండోదే.

లాటిన్ మూలం

ఇయెయూనుస్ అంటే పొద్దుటి నుంచి ఏమీ తినని మనిషి. తెలుగులో ‘పరగడుపున’ అన్నప్పుడు మనకు కలిగే భావం సరిగ్గా అదే. రక్తపరీక్షకు వెళ్లేవాడి పరగడుపూ, ఏకాదశి ఉపవాసమున్నవాడి పరగడుపూ రెండూ ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. రోమన్లు ఉదయాన్నే తినే చిరుతిండిని ఇయెంటాకులుమ్ అనేవారు. అది కూడా ఈ కుటుంబపు మాటే. 4వ శతాబ్దం చివర సెయింట్ జెరోమ్ చేసిన లాటిన్ బైబిల్ అనువాదంలో ఉపవాసానికి వాడిన మాట ఇయెయూనియుమ్. క్రైస్తవ మతం పశ్చిమ ఐరోపా అంతటా వ్యాపించడంతో ఈ మాట కూడా ఊరూరా చేరింది.

లాటిన్ మాటకు వెనక ఏముందన్నది అంత తేలిగ్గా తేలేది కాదు. అయితే కొందరు నిరుక్తకారులు చెప్పే ఊహ మనకు ఆసక్తి కలిగిస్తుంది. సంస్కృతంలో యజ్ఞం, యజమానుడు, యాగం అనే మాటలకు మూలమైన యజ్ ధాతువుకూ, ఇయెయూనుస్‌కూ ఆదిమ ఇండో-యూరోపియన్ భాషలో ఒకే పుట్టుక అని వారి అంచనా. పొద్దున పూజ కాకుండా ఏమీ ముట్టకూడదన్న ఆచారం నుంచి ‘ఇంకా తినని’ అనే అర్థం వచ్చి ఉంటుందని దానికి చెప్పే కారణం. దీన్ని అందరూ ఒప్పుకోలేదు. కానీ పూజ కానిదే పచ్చి మంచినీళ్లయినా తాగని పెద్దవాళ్లను చూసిన తెలుగువారికి ఈ తర్కం వింతగా అనిపించదు.

కడుపు ఖాళీ అనే అర్థం లాటిన్‌లోనే రెండు వైపులకు పాకింది. ఒకటి నేల. వర్జిల్ క్రీ.పూ. 29 ప్రాంతంలో ముగించిన వ్యవసాయ కావ్యం ‘జార్జిక్స్’ రెండో భాగంలో, ఏటవాలు పొలంలోని పనికిరాని గరప నేలకు ఇదే విశేషణం వేశాడు. పంటకు బలం పెట్టలేని నేల తానే పస్తున్నట్టు లెక్క. రెండోది శైలి. మన కథకు కావలసింది ఇదే.

క్రీ.పూ. 1వ శతాబ్దపు రోములో వక్తలు రెండు వర్గాలుగా చీలి ఉండేవారు. గ్రీకు ఏథెన్స్ వక్తల్లా పొదుపుగా, అలంకారం లేకుండా మాట్లాడాలన్నవారు ఒక వర్గం. మాట నిండుగా, గంభీరంగా ప్రవహించాలన్నవారు రెండో వర్గం. సిసెరో నిండుదనం వైపు మనిషి. క్రీ.పూ. 46లో ఆయన రాసిన ‘బ్రూటస్’ రోమన్ వక్తల చరిత్ర లాంటిది. పొదుపుగా మాట్లాడే వక్త దేనికి భయపడాలో చెబుతూ ఆయన పేదరికంతో పాటు ఈ ‘ఉపవాస గుణాన్ని’ కూడా పేర్కొన్నాడు. అంటే సాదాగా మాట్లాడటం తప్పు కాదు. సాదాతనం హద్దు దాటి, విన్నవాడికి ఏమీ మిగలకుండా పోతే అది తప్పు. సుమారు క్రీ.శ. 95లో వక్తృత్వ శిక్షణ మీద పెద్ద గ్రంథం రాసిన క్వింటిలియన్ కూడా ఎండు శైలిని దెప్పడానికి ఈ మాటను వాడుకున్నాడు. ఇంగ్లిష్ పండితులు జెజూన్‌ను తెచ్చుకున్నది ఇలాంటి పుస్తకాలు చదివే. అందుకే పుట్టినప్పటి నుంచీ ఇది విమర్శకుడి చేతి మాటే తప్ప వంటింటి మాట కాలేదు.

ఇంగ్లిష్‌లో తొలి రోజులు

17వ శతాబ్దపు ఇంగ్లిష్‌లో జెజూన్‌కు ‘ఆకలిగొన్న’ అనే నేరు అర్థం ఉండేది. అది క్రమంగా వాడుక నుంచి పోయింది. 1626లో మరణించిన ఫ్రాన్సిస్ బేకన్ దీన్ని భౌతికశాస్త్రానికి వాడుకున్నాడు. ఆయన చనిపోయాక వెలువడిన ‘సిల్వా సిల్వారమ్’లో బంగారం గురించి ఒక గమనిక ఉంది. బంగారంలో ఆవిరై పోయేది ఏదీ లేదు, అయినా అది సులువుగా కరుగుతుంది. కాబట్టి లోపల సత్తువ లేని జెజూన్ పదార్థం కాదది అన్నది ఆ గమనిక సారాంశం. లోహానికి పస ఉందా లేదా అని అడగడం ఇప్పుడు మనకు తమాషాగా ఉంటుంది గానీ, ఆ కాలపు రసాయన విచారంలో అది సహజమైన ప్రశ్నే.

1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు వచ్చేనాటికి అర్థాలు మూడుగా కుదురుకున్నాయి. ఖాళీ అయినది, ఆకలి తీరనిది, చదివేవాణ్ని కదిలించని ఎండు రచన. మొదటి రెండూ క్రమంగా వెనకబడి మూడోది ముందుకొచ్చింది. జాన్సన్ పుటలో కుర్రతనం ఊసే లేదు. అప్పటికి ఆ అర్థం ఎవరికీ తట్టలేదు.

ఖాళీ పేగు

ఇదే లాటిన్ మాట మన కడుపులో కూడా ఉంది. చిన్నపేగులో మూడు భాగాలు. మొదటిది ఆంత్రమూలం, చివరిది శేషాంత్రికం. నడుమ ఉన్నదాన్ని జెజునం అంటారు. జీవశాస్త్రం చదివిన ప్రతివారికీ ఈ పేరు పరిచయమే. కానీ పై విశేషణానికి ఇది తోబుట్టువని పాఠంలో ఎవరూ చెప్పరు.

పేరు పెట్టినది గ్రీకులు. వాళ్ల భాషలో ఉపవాసమున్నవాడిని నేస్టిస్ అంటారు. అరిస్టాటిల్ జంతువుల అవయవాల మీద రాసిన గ్రంథంలోనే పేగులో ఒక భాగానికి ఆ పేరు కనిపిస్తుంది. కళేబరాన్ని కోసి చూస్తే ఆ భాగం దాదాపు ఎప్పుడూ ఖాళీగా కనిపించడం అందుకు కారణం. 2వ శతాబ్దపు వైద్యుడు గేలెన్ కూడా ఈ సంగతి చెప్పాడు. రోమన్లు గ్రీకు మాటను తమ భాషలోకి మార్చుకుని ‘ఉపవాసపు పేగు’ అన్నారు. అది ఖాళీగా కనిపించడం నిజమే. శేషాంత్రికంతో పోలిస్తే జెజునం గోడ మందం, రక్తప్రసరణ ఎక్కువ, కదలికలు చురుకు. వచ్చినదాన్ని వేగంగా ముందుకు నెట్టేస్తుంది.

కానీ పేరు చేసిన అన్యాయం చిన్నది కాదు. ఆంత్రమూలం పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. దాని తర్వాత మిగిలిన చిన్నపేగులో జెజునం వంతు దాదాపు 5లో 2 పాళ్లు, అంటే సుమారు రెండున్నర మీటర్లు. తిన్న అన్నంలోని చక్కెరలు, పప్పులోని అమైనో ఆమ్లాలు, నూనెలోని కొవ్వు ఆమ్లాలు ఎక్కువ భాగం ఒంట్లోకి చేరేది ఇక్కడే. లోపలి గోడ మడతలు మడతలుగా, ఆ మడతల మీద సన్నని చూషకాలతో ఉండటం వల్ల పీల్చుకునే విస్తీర్ణం బాగా పెరుగుతుంది. బి12 విటమిన్, పైత్యరస లవణాల వంటి కొన్నింటికి మాత్రం శేషాంత్రికం చివరిదాకా పోవాలి. మొత్తం మీద ఒంటికి అన్నం పెట్టే పేగుకు పస్తు పేగు అని పేరు పడింది. జెజునానికీ శేషాంత్రికానికీ మధ్య గీత గీసినట్టుండే హద్దు కూడా లేదు. ఒకటి క్రమంగా రెండోదిగా మారిపోతుంది.

నోటితో తినలేని రోగికి పొట్ట మీద చిన్న రంధ్రం చేసి గొట్టం ద్వారా జెజునంలోకే ఆహారం పంపే పద్ధతిని జెజునోస్టమీ అంటారు. 1950లలో ఊబకాయానికి విరుగుడుగా చిన్నపేగులో ఎక్కువ భాగాన్ని దాటవేసే శస్త్రచికిత్స మొదలైంది. బరువు తగ్గినా, కాలేయం చెడిపోవడం వంటి పెద్ద సమస్యలు రావడంతో తర్వాతి దశాబ్దాల్లో దాన్ని వదిలేశారు. జెజునాన్ని పస్తుంచడం ఎంత ప్రమాదమో వైద్యులు ఆ అనుభవంతో నేర్చుకున్నారు.

ఈ పేరు ఒక సూక్ష్మజీవికి కూడా తగులుకుంది. దూడలకు వచ్చే విరేచనాలను పరిశీలిస్తూ 1931లో గుర్తించిన బ్యాక్టీరియాకు, పేగులో అది కనిపించిన చోటును బట్టి జెజునీ అని పేరు చేర్చారు. నేటి పేరు కాంపిలోబాక్టర్ జెజునీ. సరిగా ఉడకని కోడిమాంసం ద్వారా మనుషులకు వచ్చే విరేచనాలకు ప్రపంచమంతటా ముఖ్య కారణాల్లో ఇదొకటి. ఇది సోకిన కొద్దిమందిలో నరాలు చచ్చుబడే గిలాన్-బారే సిండ్రోమ్ వస్తుంది. 2025 మొదట్లో పుణెలో ఆ జబ్బు కేసులు ఒక్కసారిగా పెరిగినప్పుడు కొందరు రోగుల నమూనాల్లో ఈ బ్యాక్టీరియా కనిపించింది. ఆ వార్తలు చదివిన తెలుగు పాఠకులు జెజునీ అనే పేరును చూసే ఉంటారు.

భోజనాల బంధువర్గం

స్పానిష్‌లో ఉపవాసం ఆయునో, దాన్ని విడవడం దెసాయునో, అంటే ఉదయపు ఫలహారం. పోర్చుగీసులో ఉపవాసం జెజుమ్, ఇటాలియన్‌లో దిజూనో. అన్నీ ఇయెయూనుస్ సంతానమే. స్పానిష్, పోర్చుగీసు, ఫ్రెంచి మాట్లాడే దేశాల్లో రక్తపరీక్షకు ఏమీ తినకుండా రమ్మని చెప్పే చీటీల మీద ఇప్పటికీ ఈ మాట రూపాలే ఉంటాయి. రొమేనియన్‌లో మార్పు మరీ ముచ్చటగా ఉంటుంది. పండగ ముందురోజు ఉపవాసముండే ఆచారం వల్ల అజున్ అంటే ‘ముందురోజు’ అయిపోయింది. డిసెంబరు 24ను వాళ్లు క్రిస్మస్ అజున్ అంటారు.

లాటిన్ వాడుకభాషలో ‘ఉపవాసం విడవడం’ అనే క్రియ ఒకటి ఏర్పడింది. మనం ద్వాదశినాడు పారణ అంటామే, ఆ భావం. అదే క్రియ పాత ఫ్రెంచిలో రెండు రూపాలు దాల్చింది. ఒకటి దెజునే, రెండోది దినే. రెండో రూపమే ఇంగ్లిష్‌లో డిన్నర్. అంటే బ్రేక్‌ఫాస్ట్, డిన్నర్ రెండింటి అసలు అర్థం ఒక్కటే. మొదటిది ఇంగ్లిష్ వేళ్ల నుంచి కట్టుకున్నది, రెండోది లాటిన్ నుంచి నడిచొచ్చింది. మధ్యయుగాల ఇంగ్లండులో డిన్నర్ మధ్యాహ్నం కాకముందే జరిగేది. తర్వాత పెద్దింటివాళ్లు దాన్ని జరుపుకుంటూ జరుపుకుంటూ 19వ శతాబ్దానికి రాత్రిలోకి తీసుకుపోయారు. ఫ్రాన్సులో దెజునే మధ్యాహ్న భోజనమైంది కాబట్టి పొద్దుటిదానికి ‘చిన్న దెజునే’ అని కొత్త పేరు కావలసి వచ్చింది. క్యూబెక్‌లో, బెల్జియంలో, ఫ్రెంచి స్విట్జర్లాండులో మాత్రం దెజునే నేటికీ పొద్దుటి తిండే.

ఆ స్విట్జర్లాండులోనే జెనీవాలో సెప్టెంబరు మొదటి ఆదివారం తర్వాత వచ్చే గురువారం ఉపవాస దినం, అధికారిక సెలవు. ఆ రోజున జనం ప్లమ్ పళ్లతో చేసిన టార్టు తింటారు. ఉపవాసం పేరుతో ఫలహారం లాగించడం ఏ ఒక్క దేశపు సొత్తూ కాదు.

కుర్రతనం ఎలా వచ్చింది

ఫ్రెంచిలో ఉపవాసానికి జూన్ అంటారు. ‘యువ’ అనడానికీ దాదాపు అదే స్పెల్లింగు. తేడా అల్లా ఉపవాసపు మాటలో ఒక అచ్చు మీద ఉండే చిన్న టోపీ గుర్తు. ఉచ్చారణలో కొద్దిపాటి తేడా ఉంటుంది గానీ, విదేశీయుడి చెవికి అది అందదు. యువ అనే మాట లాటిన్ యువెనిస్ నుంచి వచ్చింది. దానికి ఉపవాసంతో ఏ సంబంధమూ లేదు. 1990లో ఫ్రెంచి స్పెల్లింగు సంస్కరణలు చాలా మాటల్లోంచి ఆ టోపీని తీసేయవచ్చన్నాయి. ఉపవాసపు జూన్‌కు మాత్రం ఉంచాలన్నాయి. తీసేస్తే యువతతో కలిసిపోతుందన్న భయమే కారణం.

ఫ్రెంచివాళ్లే అంత జాగ్రత్త పడే చోట ఇంగ్లిష్‌వాళ్లు జారడంలో వింత లేదు. జెజూన్ అన్న మాటలో వాళ్లకు ఫ్రెంచి యువత వినపడింది. జువెనైల్ అనే మరో మాట కూడా దగ్గర్లోనే ఉంది. దానికి తోడు పస లేని రాత చాలాసార్లు కుర్ర రాత కూడా అయ్యే ఉంటుంది. కాలేజీ పత్రికలో వచ్చిన తత్త్వవ్యాసాన్ని ఒక సమీక్షకుడు జెజూన్ అన్నాడనుకోండి. సరుకు లేదన్నాడా, వయసు చాలదన్నాడా? రెండింటిలో ఏది అనుకున్నా వాక్యం చెడదు. మాటల అర్థాలు మారేది ఇలాంటి సందుల్లోనే.

రెండో అర్థానికి తొలి ఉదాహరణగా తరచు చూపేది బెర్నార్డ్ షా రాసిన ‘ఆర్మ్స్ అండ్ ద మ్యాన్’. 1894లో తొలిసారి ప్రదర్శించిన ఈ నాటకం 1898లో అచ్చయింది. 1885లో సెర్బియా, బల్గేరియాల మధ్య జరిగిన యుద్ధం దీని నేపథ్యం. అందులో సెర్గియస్ అనే బల్గేరియన్ అధికారిని పరిచయం చేస్తూ, తన ఆదర్శాలు అక్షరసత్యాలని అతనికున్న గుడ్డి నమ్మకానికి షా జెజూన్ అనే విశేషణం తగిలించాడు. ఆ నమ్మకం డొల్లదనే అర్థమూ కుదురుతుంది, పసివాడి నమ్మకమనే అర్థమూ కుదురుతుంది. నా అంచనాలో షా మనసులో రెండోదే ఉంది. సెర్గియస్‌కు లోపించింది సరుకు కాదు, లోకం పోకడ తెలియడం.

20వ శతాబ్దంలో ఈ అర్థం ఊపందుకుంది. దానితోబాటే ఫ్రెంచి మాటను తలపించేలా మధ్యలో ఒక అచ్చు అదనంగా చేర్చిన తప్పు స్పెల్లింగు, ఫ్రెంచి యాసతో పలికే ఉచ్చారణ కూడా వచ్చాయి. నవలాకారుడు కింగ్‌స్లీ ఏమిస్ మరణానంతరం 1997లో వెలువడిన ‘ద కింగ్స్ ఇంగ్లిష్’లో ఈ పతనగాథను ఎగతాళిగా చెప్పాడు. మెరియమ్-వెబ్‌స్టర్ వంటి అమెరికన్ నిఘంటువులు మాత్రం పోషకాలు లేనిది, ఆసక్తి లేనిది, పిల్లతరహాది అని మూడర్థాలూ పక్కపక్కనే ఇస్తాయి. 1975లో వచ్చిన వుడీ అలెన్ సినిమా ‘లవ్ అండ్ డెత్’లో పాత్రలు ఈ మాటను ఒకరి మీద ఒకరు విసురుకుంటూ చేసే హాస్యం ఉంది. తెలిసీ తెలియని పెద్దమాటగా జెజూన్‌కు అప్పటికే ఎంత పేరొచ్చిందో ఆ హాస్యం చెబుతుంది.

ఇరుగుపొరుగు మాటలు

సారం లేదని చెప్పడానికి ఇంగ్లిష్‌లో మాటలకు కొదవ లేదు. వాటిలో చాలా భాగం నాలుక మీంచో, కడుపులోంచో వచ్చినవే. వాపిడ్ అన్నది లాటిన్‌లో ఘాటు పోయిన ద్రాక్షసారాయికి వాడిన మాట. ఇన్సిపిడ్ అంటే రుచి లేనిది. ఇందులోని ధాతువుకు లాటిన్‌లో రుచి చూడటం, వివేకం కలిగి ఉండటం రెండూ అర్థాలే. మనిషి శాస్త్రనామమైన హోమో సేపియన్స్‌లో ఉన్నది ఆ వివేకమే. ఇనేన్, వాక్యువస్ రెండూ ఖాళీతనాన్ని చెబుతాయి. మొదటిదానికి వెర్రితనం తోడైంది. రెండోదాని చుట్టం వాక్యూమ్. టెన్యువస్ అంటే పలచనిది, సన్ననిది. లాటిన్ టెనుయిస్‌కూ, సంస్కృతంలో సన్నని అనే అర్థమున్న తనుకూ రక్తసంబంధం ఉంది. మన కావ్యనాయిక తన్వి అయింది ఆ తనువుతోనే. ఫ్లిమ్సీ మాత్రం బట్టకూ కాగితానికీ చెందిన మాట. 19వ శతాబ్దపు విలేఖరులు నకళ్లు తీసుకునే పలచటి కాగితాన్ని అలాగే పిలిచేవారు.

వీటిని ఒకదాని చోట ఇంకొకటి వేయకూడదు. టెన్యువస్, ఫ్లిమ్సీ ఆధారానికి సంబంధించినవి. సాక్ష్యం పలచగా ఉంది, సాకు నిలవదు అన్నప్పుడు ఇవి కావాలి. టీవీలో గంటసేపు సాగే తారల కబుర్లు వాపిడ్. ఎక్కడా తప్పు లేకుండా, ఎక్కడా ఊపు లేకుండా సాగే పాట ఇన్సిపిడ్. జెజూన్ అనాలంటే అవతలిది కడుపు నింపుతానని మాటిచ్చి ఉండాలి. చరిత్రగ్రంథం, తత్త్వవ్యాసం, బడ్జెట్ మీద విశ్లేషణ, దేవాలయంలోనో చర్చిలోనో చేసిన ప్రవచనం లాంటివి అవి. ఆకలితో వచ్చినవాడిని ఆకలితోనే పంపేస్తే అది జెజూన్. అందుకే వినోదానికి తీసిన సినిమాను జెజూన్ అంటే విమర్శకుడే కాస్త తొందరపడ్డట్టు ఉంటుంది. ఆ సినిమా మనకేమీ బాకీ లేదు.

కుర్రతనానికి ప్యూరైల్, జువెనైల్, కాలో అని మూడు మాటలు ముందే ఉన్నాయి. అమెరికన్లకు సోఫొమోరిక్ అదనం. వీటిలో కాలో కథ కూడా మలుపు తిరిగినదే. పాత ఇంగ్లిష్‌లో దానికి బట్టతల అని అర్థం. తర్వాత ఈకలు రాని పిట్టపిల్లకు వాడి, అక్కణ్నుంచి అనుభవం లేని కుర్రాడి దాకా తెచ్చారు. అంటే అర్థం మారడమే నేరమైతే కాలో కూడా దోషే. కానీ కాలో మారి భాషకు ఒక కొత్త పని చేసి పెట్టింది. జెజూన్ మారి, ఇతరులు ముందే చేస్తున్న పనిలో తలదూర్చింది. దాని పాత పనికి మాత్రం వేరే మాట దొరకదు. రెండో అర్థాన్ని తప్పనక్కర్లేదు గానీ, రాసేవాడు ఎంచుకోవలసి వస్తే పాతదాన్నే ఎంచుకోవాలన్నది ఈ వ్యాసకర్త పక్షం.

తెలుగులో చెప్పాలంటే

అనువాదకుడికి జెజూన్ ఇబ్బంది పెట్టే మాట కాదు. తెలుగు విమర్శకు ఈ భావం కొత్తది కాదు మరి. రసం లేని కావ్యాన్ని ఆలంకారికులు నీరసమన్నారు. అదే మాటను మనం శనివారం ఒక్కపొద్దున్న మనిషి సాయంత్రానికి కళ్లు తేలేస్తే కూడా వాడతాం. తిండి లేని ఒళ్లూ, సారం లేని రాతా ఒక్క మాట కిందికి రావడం లాటిన్‌లోనే కాదు, మన దగ్గరా జరిగింది. కాకపోతే వాడుకలో నీరసం ఇప్పుడు ఎక్కువగా ఒంటికే మిగిలిపోయింది కాబట్టి, ‘నీరసమైన వ్యాసం’ అంటే రచయితకు ఒంట్లో బాగాలేదనుకునే ప్రమాదం ఉంది.

వాడుకలో ఉన్న మాటల్లో ‘పస లేని’ అన్నదే జెజూన్‌కు అతి దగ్గరిది. పస లేని వాదన, పస లేని ప్రసంగం అన్నప్పుడు వినేవాడికి దక్కనిదేదో ఉందన్న ఫిర్యాదు అందులోనే వినిపిస్తుంది. ‘పేలవం’ ఇన్సిపిడ్‌కు సరిపోతుంది, ‘చప్పిడి’ కూడా అంతే. ‘డొల్ల’ అన్నది పైకి గట్టిగా కనిపించి లోపల ఏమీ లేనిదానికి. అందులో మోసం ఛాయ ఉంది, జెజూన్‌లో అది లేదు. ఉపన్యాసాలకైతే ‘ఊకదంపుడు’ ఉండనే ఉంది. ఎంత దంచినా గింజ రాలదని చెప్పే ఆ మాట జెజూన్ కన్నా ఒక మెట్టు పైనే. కానీ దానికి పొడవూ, విసుగూ తప్పనిసరి. రెండు పేజీల జెజూన్ వ్యాసాన్ని ఊకదంపుడు అనలేం.

రెండో అర్థానికి ‘పసితనపు’, ‘కుర్రతనపు’, ‘పరిణతి లేని’ అని సందర్భాన్ని బట్టి రాయాలి. పస్తు, పస, పసి అనే మూడు తెలుగు మాటలూ ఒకే రీతిలో మొదలవడం కేవలం కాకతాళీయం. వాటికి చుట్టరికం ఉందని ఎవరూ పొరపడకూడదు. జ్ఞాపకం పెట్టుకోవడానికి మాత్రం అంతకన్నా మంచి సాధనం ఇంకొకటి దొరకదు. జెజూన్ బతుకంతా పస్తులో మొదలై, పస లేమికి వచ్చి, పసితనం వైపు జారింది. ఆ వరసలోనే గుర్తుంచుకుంటే చాలు.

చదివేటప్పుడు, రాసేటప్పుడు

1890లకు ముందు రాసిన ఇంగ్లిష్ పుస్తకంలో జెజూన్ కనిపిస్తే కుర్రతనం అనే అర్థాన్ని పక్కన పెట్టవచ్చు. అక్కడ ఉండేది ఎండుతనం, పస లేమి, మరీ పాత పుస్తకమైతే ఆకలి. 20వ శతాబ్దపు బ్రిటిష్ సమీక్షల్లో రెండు అర్థాలూ కలగాపులగంగా ఉంటాయి. హాస్యం, వేళాకోళం, తిరుగుబాటు ధోరణి వంటి మాటల పక్కన వస్తే పసితనమనీ, వాదన, గద్యం, విశ్లేషణ పక్కన వస్తే పస లేమి అనీ తీసుకుంటే చాలాసార్లు సరిపోతుంది. మనిషికి నేరుగా తగిలిస్తే దాదాపు ఎప్పుడూ పసితనమే. మనిషిని ‘పోషకాలు లేనివాడు’ అనడం ఎవరికీ తట్టదు మరి.

మీరే రాయవలసి వస్తే ఏ అర్థమో తెలిసేలా వాక్యంలో ఇంకో ఆనవాలు పెట్టండి. అది పెట్టడానికి వీలు లేకపోతే జెజూన్ వదిలేసి థిన్ అనో, ప్యూరైల్ అనో రాయండి. ఫ్రెంచి వాసన కోసం మధ్యలో అదనపు అచ్చు చేర్చిన స్పెల్లింగు ఏ అర్థంలోనైనా తప్పే.